ద్విదిమ్మె స్ప్రింగోపాఖ్యానం: సంపీడనసంజీవనీ వ్యాఖ్యా సహితం

అవతారిక

మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు. మూలంలో లేని రైలు పెట్టెలూ, హాలెండు పడవా, ఫ్రెంచి పండితురాలూ ముందు ముందు వస్తారు. ఇష్టం లేనివారు ప్రతిపదార్థం చదివి పుస్తకం మూసేయవచ్చు. పరీక్షకు అది చాలదని మాత్రం ముందే మనవి.

వ్యాఖ్యానించబోయే గ్రంథం చిన్నది. మొత్తం అయిదు వాక్యాలు, నాలుగు ఐచ్ఛికాలు. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ‘పని, శక్తి, సామర్థ్యం’ అధ్యాయం దాటిన ప్రతివారూ దీన్ని ఏదో ఒక రూపంలో ఎదుర్కొన్నవారే. కర్త ఎవరో తెలియదు. భౌతికశాస్త్రంలో ఇటువంటివి అపౌరుషేయాలు: రాసింది తామేనని ఎవరూ ఒప్పుకోరు, అందరి నోట్సుల్లోనూ ఉంటాయి. పాఠాంతరాలు లెక్కకు మిక్కిలి. ఒక ప్రతిలో దిమ్మెలు, మరో ప్రతిలో బంతులు, ఇంకో ప్రతిలో చక్రాల బళ్ళు. అంకెలు లేఖకుల ఇష్టం. జవాబు పూర్ణసంఖ్యగా తేలే పాఠాన్నే ఇక్కడ స్వీకరించాం. పూర్ణసంఖ్య వచ్చిన చోట కర్త హృదయం ఉన్నదని పెద్దల మాట, కోచింగు సెంటర్ల మాట కూడా.

మూలం

నున్నని నేలపై 2 కిలోల దిమ్మె ఒకటి నిశ్చలంగా ఉంది. దాని ఎడమ ముఖానికి ద్రవ్యరాశి లేని స్ప్రింగు ఒకటి బిగించి ఉంది. స్ప్రింగు స్థిరాంకం మీటరుకు 600 న్యూటన్లు. 1 కిలో దిమ్మె ఒకటి సెకనుకు 3 మీటర్ల వేగంతో ఎడమ నుంచి వచ్చి స్ప్రింగును తాకింది. స్ప్రింగు గరిష్ఠ సంపీడనమెంత? (అ) 7.1 సెం.మీ. (ఆ) 10 సెం.మీ. (ఇ) 12.2 సెం.మీ. (ఈ) 17.3 సెం.మీ.

ఛందస్సు

ప్రశ్నపత్ర వచనము. యతిప్రాసలు లేవు, యూనిట్లున్నవి. యతిభంగమునకు క్షమ గలదు, యూనిట్ల భంగమునకు లేదు.

ప్రతిపదార్థము

నున్నని = ఘర్షణ అనునది యెరుగని; నేలపై = క్షితిజసమాంతర తలమునందు; 2 కిలోల దిమ్మె ఒకటి = అంతటి ద్రవ్యరాశి గల్గి, తనంత తాను కదలు నుద్దేశము లేని ఘనము; నిశ్చలంగా ఉంది = ప్రశ్న రాసినవాని దృష్టిలో కదలక యున్నది; ద్రవ్యరాశి లేని = తక్కెడలో పెట్టినను ముల్లు కదపని; స్ప్రింగు = ఎంత నొక్కిన నంత తిరుగబడు లోహపు చుట్ట; స్థిరాంకం = దాని మొండితనమునకు కొలత; 1 కిలో దిమ్మె ఒకటి = కథానాయకుడు; వచ్చి = ఎచటినుండి, ఎందుకు అని యడుగరాదు; తాకింది = అంటుకొనక, ఒరసికొనక, మొగమునకు మొగము తగిలినది; గరిష్ఠ = ఇంతకు మించి నొక్కుకొనదనదగిన; సంపీడనమెంత = ఎన్ని సెంటీమీటర్లు కుంచించుకొన్నది? అని ప్రశ్న.

తాత్పర్యము

పరుగెత్తుకొచ్చిన చిన్న దిమ్మె తన శక్తిలో కొంత స్ప్రింగు దగ్గర తాకట్టు పెట్టి, కొంత పెద్ద దిమ్మెకు ఇచ్చి, కొంత తన దగ్గరే ఉంచుకుంటుంది. తాకట్టు మొత్తం ఎప్పుడు అత్యధికమో, అప్పటికి స్ప్రింగు ఎంత కుంచించుకుపోయిందో చెప్పమంటున్నారు.

విశేషములు

‘నున్నని’. ఇలాంటి నేల లోకంలో లేదని ఆక్షేపణ. పాలరాతి మీద నూనె పోసినా కొంత ఘర్షణ ఉంటుంది కదా అంటే, ఉంటుంది. అయినా మూలకర్త మాటకు అంత భయపడనక్కరలేదు. ఈ ఢీ మొత్తం సెకనులో పదోవంతు కంటే కొంచెం ఎక్కువసేపు, 0.105 సెకన్లు మాత్రమే జరుగుతుంది. ఆ కొంచెంసేపట్లో స్ప్రింగు చిన్న దిమ్మెకు ఇచ్చే ప్రచోదనం 4 న్యూటన్-సెకన్లు. నేల కొంత గరుకుగా ఉండి 2 న్యూటన్ల ఘర్షణ బలం పనిచేసిందనుకున్నా, అదే కాలంలో దాని ప్రచోదనం 0.2. ఇరవైలో ఒక వంతు. కనుక ‘నున్నని’ అనే విశేషణం అబద్ధమే అయినా, ఢీ జరిగినంతసేపూ దాదాపు నిజంలాగే నడుస్తుంది. ఢీ అయిపోయాక దిమ్మె ఎంతదూరం పోయి ఆగుతుందని అడిగితే మాత్రం ఈ అబద్ధం నిలవదు. కర్త అది అడగలేదు. తెలివైనవాడు.

‘నిశ్చలంగా’. దీని మీద వివాదం పెద్దది. హాలెండు శాస్త్రజ్ఞుడు హైగెన్సు ప్రస్తావన వచ్చినప్పుడు చూద్దాం.

‘ద్రవ్యరాశి లేని’. మూలమంతటికీ ఆయువుపట్టు ఈ రెండు మాటలు. స్ప్రింగుకు ద్రవ్యరాశి లేదంటే దానికి సొంత ద్రవ్యవేగం లేదు. ఎడమ కొసన దాన్ని ఎంత బలంతో నొక్కితే, కుడి కొసన అదే బలం అదే క్షణంలో ఎదుటి దిమ్మెకు అందుతుంది. మధ్యలో ఏమీ మిగుల్చుకోదు. నిజమైన స్ప్రింగు ఉక్కుది, దానికి బరువుంది. ఒక కొస గోడకు బిగించి ఊపితే, దాని ద్రవ్యరాశిలో మూడోవంతు దిమ్మెకు కలిపి లెక్కవేయాలని పుస్తకాలు చెబుతాయి. ఇక్కడ ఆ బాధ లేదు. స్ప్రింగు శక్తిని దాచుకోగలదు, ద్రవ్యవేగాన్ని దాచుకోలేదు. ఈ వ్యాఖ్య మొత్తం ఆ ఒక్క తేడా గురించే.

‘తాకింది’. ‘అతుక్కుంది’ అని ఒక పాఠం ఉన్నది. మొదటిసారి నొక్కుకునే వరకూ రెండు పాఠాలకూ జవాబు ఒకటే. తర్వాత కథలు వేరు. తాకినదైతే స్ప్రింగు తన సహజమైన పొడవుకు వచ్చిన క్షణంలో చిన్న దిమ్మె విడిపోతుంది. అతుక్కున్నదైతే స్ప్రింగు ఇంకా సాగి, మళ్ళీ కుంచించుకుని, ఇద్దరూ 0.21 సెకన్లకొకసారి దగ్గరై దూరమవుతూ, మొత్తం మీద సెకనుకు ఒక మీటరు చొప్పున కుడివైపు నడిచిపోతారు. కొన్ని సంసారాలు ఇలాగే సాగుతాయని ఒక శిష్యుడన్నాడు. అది మూలంలో లేదు.

‘గరిష్ఠ’. వ్యాఖ్యాతలందరూ తన్నుకునే చోటిది.

పూర్వపక్షం: స్ప్రింగు గరిష్ఠంగా నొక్కుకున్నప్పుడు చిన్న దిమ్మె ఆగిపోతుంది. ఆగబట్టే ఇక నొక్కలేకపోయింది. కనుక దాని శక్తి మొత్తం స్ప్రింగులోకి వెళ్ళింది.

ఇది వినడానికి బాగుంటుంది. క్లాసులో చేతులెత్తమంటే సగానికి పైగా చేతులు ఇటే లేస్తాయి. కానీ స్ప్రింగు గరిష్ఠంగా నొక్కుకోవడమంటే ఆ క్షణంలో దాని పొడవు తగ్గడం ఆగింది, పెరగడం మొదలవలేదు. పొడవు మారడం లేదంటే రెండు కొసలూ ఒకే వేగంతో పోతున్నాయి. ఆ కొసల దగ్గరున్న దిమ్మెలకూ అదే వేగం. చిన్నది ఆగిపోయి పెద్దది కదులుతూ ఉంటే మధ్యలోని స్ప్రింగు సాగుతున్నట్టే లెక్క, గరిష్ఠం దాటిపోయినట్టే. ఇద్దరూ ఆగిపోయారందామా? అప్పుడు వచ్చినప్పుడున్న ద్రవ్యవేగం ఏమైంది? చిన్న దిమ్మె 1 కిలో, వేగం 3. ద్రవ్యవేగం 3 యూనిట్లు, కుడివైపుకు. బయటినుంచి అడ్డంగా ఏ బలమూ లేదు, నేల నున్నన. స్ప్రింగు దాచుకోలేదు. కాబట్టి ఆ 3 యూనిట్లూ దిమ్మెల మీదే ఉండాలి. ఇద్దరిదీ ఒకే వేగం, ఇద్దరి ద్రవ్యరాశి కలిపి 3 కిలోలు. వేగం సెకనుకు 1 మీటరు. ఇది సిద్ధాంతం.

ఇప్పుడు శక్తి పద్దు. వచ్చినప్పుడు గతిజ శక్తి 4.5 జౌళ్ళు. ఇద్దరూ సెకనుకు 1 మీటరుతో కలిసి నడిచే క్షణంలో ఇద్దరి గతిజ శక్తి 1.5 జౌళ్ళు. తేడా 3 జౌళ్ళు. అదే స్ప్రింగు దగ్గరున్న తాకట్టు. 600లో సగం 300. 300ని సంపీడన వర్గంతో గుణిస్తే 3 రావాలి. సంపీడనం మీటరులో పదోవంతు, అంటే 10 సెంటీమీటర్లు. పూర్ణసంఖ్య వచ్చింది, కర్త హృదయం దొరికింది.

పూర్వపక్షివాడు ఊరుకోడు. ‘‘చిన్న దిమ్మె చివరికి వెనక్కి తిరుగుతుంది కదండీ. వెనక్కి తిరగాలంటే ఎక్కడో ఒకచోట ఆగాలి కదా?’’ అంటాడు. మంచి ప్రశ్న. ఆగుతుంది. ఎప్పుడు? గరిష్ఠ సంపీడనం 0.052 సెకన్ల దగ్గర. చిన్న దిమ్మె ఆగడం 0.070 సెకన్ల దగ్గర. అప్పటికే స్ప్రింగు తిరిగి సాగడం మొదలుపెట్టి 8.7 సెంటీమీటర్లకు వచ్చేసింది. ఆ క్షణంలో పెద్ద దిమ్మె వేగం 1.5, ద్రవ్యవేగం మొత్తం దాని మీదే ఉంది, 3 యూనిట్లు. శక్తి చూస్తే 2.25 జౌళ్ళు పెద్ద దిమ్మెలో, 2.25 జౌళ్ళు స్ప్రింగులో, సరిగ్గా సగం సగం. అంటే పూర్వపక్షివాడు చెప్పిన సంఘటన జరిగినదే, వేళ మాత్రం తప్పు. ఇటువంటివారిని శాస్త్రార్థాలలో ఓడించడం కష్టం. కళ్ళతో చూసినదే చెబుతారు, గడియారం చూడరు.

మతాంతరములు

ఐచ్ఛికాలను తేలికగా తీసుకోరాదు. మూలకర్త ప్రతిభ అంతా అక్కడే ఉంది. (అ), (ఇ), (ఈ) తప్పులని చెప్పి ఊరుకోవడం మామూలు గైడు పుస్తకాల పద్ధతి. ఈ వ్యాఖ్యాత పరిశీలించినంతలో ఈ మూడూ వేరే మూడు ప్రశ్నలకు నిక్కమైన జవాబులు. పరీక్ష హాల్లో దారి తప్పి ఇక్కడికి వచ్చాయి.

(ఇ) 12.2 సెం.మీ. ఇది గోడ మతం. స్ప్రింగు రెండో కొస గోడకు బిగించి ఉంటే, వచ్చిన 4.5 జౌళ్ళూ స్ప్రింగులోకి పోయి, చిన్న దిమ్మె నిజంగానే ఆగి, సంపీడనం 12.2 అయ్యేది. గోడ భూమికి అంటుకుని ఉంది. భూమి ద్రవ్యవేగాన్ని పుచ్చుకుంటే మన లెక్కలో కనబడదు. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ భౌతికశాస్త్ర పుస్తకంలో 1000 కిలోల కారు గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వచ్చి స్ప్రింగుకు గుద్దుకుని, దాన్ని 2 మీటర్లు నొక్కే ఉదాహరణ ఉంది. అదీ ఈ మతానిదే. ఆ లెక్క వంటబట్టినవారికి ప్రతి దిమ్మె వెనకా గోడ కనిపిస్తుంది.

గోడ మతానికి పెద్ద ఆచార్యుడున్నాడు: ఫ్రెంచి తత్త్వవేత్త రెనే దేకార్త్. 1644లో అచ్చయిన తన తత్త్వశాస్త్ర గ్రంథంలో ఢీకొనడానికి ఏడు నియమాలు చెప్పాడు. వాటిలో నాలుగోది చిన్న వస్తువు, నిలిచి ఉన్న తనకంటే పెద్ద వస్తువును ఎంత వేగంతో గుద్దినా దాన్ని కదపలేదంటుంది. వచ్చిన వేగంతోనే చిన్నది వెనక్కి పోతుంది. అంటే మన 2 కిలోల దిమ్మె ఆయనకు గోడతో సమానం. దేకార్త్ మతంలో చిన్న దిమ్మె సెకనుకు 3 మీటర్లతో వెనక్కి రావాలి. చోద్యమేమిటంటే, ఇందులో శక్తికి ఏ లోటూ లేదు. ముందు 4.5, తర్వాత 4.5. శక్తి నిత్యత్వం ఒక్కటే పట్టుకున్నవాడు దేకార్త్‌ను తప్పుపట్టలేడు. పట్టించేది ద్రవ్యవేగం: ముందు కుడివైపుకు 3, తర్వాత ఎడమవైపుకు 3. దిక్కు లెక్కపెట్టకుండా ద్రవ్యరాశినీ వేగాన్నీ గుణించుకున్నాడు గనుక ఆయనకు రెండూ ఒకటిగానే కనిపించాయి. అంత మహానుభావుడే గుర్తు మరచిపోయినప్పుడు, మన పిల్లలు మైనస్ మరచిపోతే చెవి మెలిపెట్టడం న్యాయం కాదు.

(అ) 7.1 సెం.మీ. మట్టి మతం. 1 కిలో దిమ్మెకు బదులు 1 కిలో మట్టిముద్ద 3 మీటర్ల వేగంతో వచ్చి, గోడ స్ప్రింగుకు బిగించిన 2 కిలోల దిమ్మెకు చప్పున అతుక్కుందనుకోండి. అతుక్కున్న క్షణంలో ద్రవ్యవేగం నిలుస్తుంది, వేగం సెకనుకు 1 మీటరు అవుతుంది. శక్తి మాత్రం 1.5కు పడిపోతుంది. తర్వాత ఆ 1.5 జౌళ్ళే స్ప్రింగును నొక్కుతాయి, 7.1 సెంటీమీటర్లు. ఇక్కడ పోయిన శక్తి ఎంత? 3 జౌళ్ళు. మన మూలంలో స్ప్రింగు తాకట్టు పెట్టుకున్నదీ 3 జౌళ్ళే. ఈ రెండూ కలవడం కాకతాళీయం కాదు. ఇద్దరూ ఒకే వేగానికి వచ్చే క్షణానికి దిమ్మెలు వదులుకోవలసిన శక్తి ఎప్పుడూ అంతే. మధ్యలో స్ప్రింగు ఉంటే అది దాచిపెట్టి తిరిగి ఇస్తుంది, మట్టి ఉంటే వేడి చేసుకుని ఊరుకుంటుంది. ద్రవ్యవేగానికి వాళ్ళిద్దరి మధ్య భేదం తెలియనే తెలియదు. మట్టి మతస్థులకు 1668లో ఇంగ్లండు గణితజ్ఞుడు జాన్ వాలిస్ శాస్త్రం రాసి పెట్టాడు.

(ఈ) 17.3 సెం.మీ. దీన్ని లైబ్నిట్స్ మతం అనవచ్చు. జర్మన్ తత్త్వవేత్త లైబ్నిట్స్ 1686లో దేకార్త్ మీద విరుచుకుపడి, కదిలే వస్తువు బలానికి కొలత ద్రవ్యరాశిని వేగ వర్గంతో గుణించినది అన్నాడు. సగం వేయలేదు. 1 కిలోకు 3 వర్గం 9, మొత్తం 9 జౌళ్ళు స్ప్రింగుకు ఇస్తే 17.3 వస్తుంది. ఆ సగాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొరియోలిస్ 1829లో, పనికీ శక్తికీ పద్దు కుదరడానికి, ముందు చేర్చాడు. కనుక సగం మరచిపోయిన విద్యార్థి లైబ్నిట్స్‌కు దగ్గరివాడు, కొరియోలిస్‌కు దూరం. మార్కు కూడా దూరమే. అయినా 2 కిలోల దిమ్మె 3 మీటర్ల వేగంతో గోడ స్ప్రింగుకు గుద్దుకుంటే ఈ జవాబే సరి. ఎవరి ప్రశ్న వారికుంటుంది.

పూర్వాచార్యులు

లండన్ రాయల్ సొసైటీ 1668లో ఢీకొనే వస్తువుల సంగతి తేల్చమని ముగ్గురిని అడిగింది. ఒకరు వాలిస్. రెండోవారు క్రిస్టఫర్ రెన్, లండన్ సెయింట్ పాల్ కేథడ్రల్ కట్టిన వాస్తుశిల్పి. మూడోవారు హాలెండు హైగెన్సు. మన మూలానికి సరైన సంప్రదాయం హైగెన్సుది.

ఆయన చెప్పిన దృష్టాంతం పడవది. కాలువలో సమవేగంతో సాగే పడవలో నిలబడి ఒకడు గోళాలు ఢీకొట్టిస్తుంటాడు, గట్టున నిలబడి ఇంకొకడు చూస్తుంటాడు. ఇద్దరికీ వేగాలు వేరుగా కనిపిస్తాయి. నియమం మాత్రం ఇద్దరికీ ఒకటే కావాలి. ‘నిశ్చలంగా’ అన్న మాట మీద వివాదమని ముందు చెప్పినది ఇదే. నేల మీద నిలబడినవాడికి పెద్ద దిమ్మె నిశ్చలం. సెకనుకు 1 మీటరు వేగంతో కుడివైపు పోయే బండి ఎక్కి చూడండి. చిన్న దిమ్మె 2 మీటర్ల వేగంతో కుడికి వస్తుంది, పెద్దది 1 మీటరు వేగంతో ఎడమకు వస్తుంది. ద్రవ్యవేగాలు 2, మైనస్ 2; మొత్తం సున్న. గతిజ శక్తి 2 జౌళ్ళు, 1 జౌలు; మొత్తం 3. ఈ బండి మీద నుంచి చూస్తే గరిష్ఠ సంపీడనం దగ్గర ఇద్దరూ నిజంగానే ఆగిపోతారు, 3 జౌళ్ళూ స్ప్రింగులోకే పోతాయి. సమీకరణం అక్కరలేకుండానే 10 సెంటీమీటర్లు. పాపం, పూర్వపక్షివాడు చెప్పినదీ ఇదే కదా! బండి ఎక్కడం మరచిపోయాడు, అంతే. ద్రవ్యరాశి కేంద్రపు నిర్దేశచట్రం అని పాఠ్యపుస్తకాలు భారంగా పిలిచే ఆ బండిని ఇంటర్‌లో ఆలస్యంగా చూపిస్తారు. ముందే చూపించాలని ఈ వ్యాఖ్యాత గట్టి అభిప్రాయం. హైగెన్సు గ్రంథం కూడా ఆలస్యంగానే వచ్చింది. 1650లలో రాసినది, ఆయన పోయాక 1703లో అచ్చయింది.

వర్గమా, వర్గం లేనిదా అన్న తగవు మాత్రం లైబ్నిట్స్‌తో తీరలేదు. 1720లలో హాలెండులోనే గ్రావెసాండ అనే ఆచార్యుడు ఇత్తడి గుళ్ళను మెత్తటి బంకమట్టిలోకి జారవిడిచి, అవి చేసిన గుంటలు వేగ వర్గాన్ని బట్టి పెరుగుతాయని చూపించాడు. దాన్ని ఫ్రాన్సులో నలుగురికీ తెలియజెప్పినది ఎమిలీ దు షాత్లే, 1740లో అచ్చయిన తన భౌతికశాస్త్ర గ్రంథంలో. న్యూటన్ ప్రిన్సిపియాను ఫ్రెంచిలోకి అనువదించి వ్యాఖ్య కూడా రాసిన విదుషీమణి గనుక, వ్యాఖ్యాతల కులానికి ఆమె పెద్ద దిక్కు.

ఇక స్ప్రింగు కర్త రాబర్ట్ హుక్. ఎంత నొక్కితే అంత బలం అన్న నియమాన్ని 1676లో బయటపెట్టీ పెట్టకుండా, అక్షరాలన్నీ విడదీసి అకారాది క్రమంలో పేర్చి అచ్చువేశాడు. ఇతరులు ముందుగా చెప్పేస్తారేమోనని భయం. రెండేళ్ళకు, 1678లో, ముడి తానే విప్పాడు. మన చిత్రకవులు గూఢచతుర్థి రాసినప్పుడు నాలుగో పాదాన్ని మూడు పాదాల్లోనే దాస్తారు, వెతికితే దొరుకుతుంది. హుక్ దాచినది అంత సులువుగా దొరకదు. కవిత్వ దృష్టితో చూస్తే నాసిరకం చిత్రకవిత్వం.

అలంకారము

పరివృత్తి. ఒకటి ఇచ్చి మరొకటి పుచ్చుకోవడం. దిమ్మెలు రెండూ సమానంగా 1 కిలో చొప్పున ఉండే పాఠంలో ఇది పూర్ణంగా సిద్ధిస్తుంది. వచ్చినది ఠక్కున ఆగిపోతుంది, నిలుచున్నది 3 మీటర్ల వేగంతో వెళ్ళిపోతుంది. వేగాలు చేతులు మారతాయి. మన పాఠంలో ద్రవ్యరాశులు వేరు గనుక అలంకారం కొంచెం వంకర. ఢీ ముగిశాక చిన్న దిమ్మె సెకనుకు 1 మీటరుతో వెనక్కి, పెద్దది 2 మీటర్లతో ముందుకు. ద్రవ్యవేగం చూసుకోండి: మైనస్ 1, ప్లస్ 4; మొత్తం 3. శక్తి: అరజౌలు, 4 జౌళ్ళు, మొత్తం 4.5. తాకట్టు పూర్తిగా విడిపించుకున్నారు, వడ్డీ లేదు. ముందు ఇద్దరి మధ్య దూరం సెకనుకు 3 మీటర్ల చొప్పున తగ్గేది, ఇప్పుడు అదే 3 చొప్పున పెరుగుతోంది. ప్రత్యావస్థాన గుణకం 1 అని శాస్త్రకారుల మాట.

ఇందులో స్ప్రింగు స్థిరాంకం ఎక్కడా రాలేదని గమనించాలి. 600కు బదులు 60 లక్షలు పెట్టినా చివరి వేగాలు అవే. మారేవి వేరే. సంపీడనం 10 సెంటీమీటర్ల నుంచి 1 మిల్లీమీటరుకు దిగుతుంది. ఢీకొనే కాలం నూరో వంతవుతుంది. గరిష్ఠ బలం 60 న్యూటన్ల నుంచి 6000 న్యూటన్లకు ఎగబాకుతుంది. పద్దు ఒకటే, దెబ్బ వేరు.

ఆ మాట రైల్వేవారికి బాగా తెలుసు. పెరంబూరు ఐసీఎఫ్ కర్మాగారం తయారుచేసిన పాత రకం పెట్టెలకు ప్రతి కొసనా రెండు వైపులా బఫర్లుంటాయి, గుండ్రని ఇనుప మొహాల వెనక స్ప్రింగులా నొక్కుకునే ఏర్పాటుతో. షంటింగులో ఇంజను ఒక పెట్టెను తోసి, నిలిచి ఉన్న పెట్టెకు ఆనించినప్పుడు జరిగేది మన మూలమే. రెండో కొసన గోడ లేదు, రెండో పెట్టె ఉంది, అదీ కదులుతుంది. ప్లాట్‌ఫారం చివర డెడ్ ఎండ్‌లో పాతిన బఫర్లది గోడ మతం. కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో పక్క బఫర్లు తీసేసి, మధ్యలోని కప్లర్‌లోనే ఆ ఏర్పాటు పెట్టారు. అయితే రైల్వే ఇంజనీరు మన మూలకర్తలాగా ఆదర్శవాది కాడు. తీసుకున్న శక్తినంతా తిరిగి ఇచ్చే స్ప్రింగు అతనికి పనికిరాదు. ఇచ్చేస్తే పెట్టెలు ఒకదాన్నొకటి వెనక్కి నెట్టుకుంటూ, పై బెర్తులో పడుకున్నవాళ్ళ నిద్ర పాడవుతుంది. అందుకని బఫరు తీసుకున్న శక్తిలో కొంత లోపలి రాపిడితో వేడిగా ఖర్చయ్యేలా చేస్తారు. సగం స్ప్రింగు, సగం మట్టి అన్నమాట.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్యను శ్రద్ధగా చదివినవారికి మోక్షం సంగతి చెప్పలేం. ఎప్‌సెట్ ఇంజనీరింగులో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు, ప్రశ్నకు 67 సెకన్ల చిల్లర. ఆ వ్యవధిలో దేకార్త్‌నూ వాలిస్‌నూ తలచుకోవడం కుదరదు. కానీ వాళ్ళిద్దరూ (ఇ), (అ) ఐచ్ఛికాల దగ్గర కూర్చుని ఉంటారని తెలిసి వెళ్ళడం మేలు. తప్పు జవాబుకు మార్కు కోత లేని పరీక్ష గనుక, ఏమీ తోచనివారు ఏదో ఒకటి నింపి రావచ్చు. దానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

జవాబు (ఆ). చివరగా చదువరులకు ఒక్క విన్నపం: ప్రశ్నలో గోడ లేకపోతే, బొమ్మ గీసుకునేటప్పుడు మీరు గోడ కట్టకండి.